పోయిన ప్యాకెట్లు ఎప్పుడు పోయాయి?

మా అమ్మ పొద్దున్నే అయిదున్నరకి అమెరికా పిల్లలకి సంగీతం చెప్తుంది. గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన శ్రుతిపెట్టె, దాని ముందు స్టూలు మీద ల్యాప్‌టాప్. వేసవిలో మనకి అయిదున్నర అంటే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి ఎనిమిది, పిల్లలు అన్నాలు తిని వచ్చి కూర్చునే వేళ. గంట క్లాసు, ఆదివారాలు కూడా ఉంటుంది. ఏప్రిల్లో ఒకరోజు ఒక చిన్న పిల్ల మాయామాళవగౌళలో సరళీవరుసలు రెండో కాలం పాడుతూ పంచమం దగ్గర ఆగిపోయింది. బొమ్మ బిగుసుకుపోయింది. నిమిషం పైన అయ్యాక బొమ్మ కదిలేసరికి ఆ పిల్ల తర్వాతి వరుసలో ఉంది, మధ్యలో ఏం పాడిందో ఎవరికీ తెలియదు. అమ్మ నా వైపు తిరిగి, "ఎక్కడ తప్పిందో నేను వినందే ఎలా దిద్దను చెప్పు?" అంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

నా ఉద్యోగం నెట్‌వర్కులు చూడటమే. ఇంట్లోంచే పని. పదేళ్లుగా ఎక్కడెక్కడి ఊళ్ళ లింకులు పడిపోతే నా స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తాయి, లేపడం నా పని. అలాంటిది అమ్మ అడిగిన దానికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

నెట్ వాళ్లకి మూడుసార్లు కంప్లైంట్ ఇచ్చాను. మూడుసార్లూ ఒకే అబ్బాయి వచ్చాడు, మంచివాడు, పొద్దున పదకొండు ప్రాంతంలో వచ్చి ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టి నాకు చూపించాడు. "చూడక్కా, వందకి వంద వస్తోంది." నిజమే, వస్తోంది. అతను అబద్ధం చెప్పలేదు, టెస్టూ అబద్ధం చెప్పలేదు. కానీ మేము అడుగుతున్నది ఎంత వేగంగా వస్తోందని కాదు, పొద్దున్న అయిదున్నరకీ ఆరున్నరకీ మధ్య పంపినవన్నీ చేరుతున్నాయా అని. స్పీడ్ టెస్ట్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి పది పదిహేను సెకన్ల పాటు గొట్టం ఎంత లావుందో చూస్తుంది. నెట్ మీద ఏదైనా చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది, వాటినే ప్యాకెట్లంటారు. మధ్యలో ఒకటీ అరా ప్యాకెట్లు పోయినా మళ్ళీ తెప్పించుకుని లెక్క సరిచేసుకుంటుంది. మాటకీ పాటకీ ఆ వెసులుబాటు లేదు. వీడియో కాల్‌లో గొంతు మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా వెళ్తుంది, అంటే సెకనుకి 50 ప్యాకెట్లు. పోయిన ముక్కని మళ్ళీ పంపించుకునేసరికి పాట ముందుకి వెళ్లిపోతుంది కాబట్టి పోయింది పోయినట్టే.

అందుకని కొలవాలనుకున్నాను. కొలవడం అంటే చాలామంది చేసేది కమాండ్ విండో తెరిచి పింగ్ కొట్టడం, అంటే అవతలి మెషీన్‌కి చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందా అని చూడటం. విండోస్ నాలుగు ప్యాకెట్లు పంపుతుంది, నాలుగూ తిరిగొస్తే "లాస్ సున్నా శాతం", అంటే ఒక్కటీ పోలేదని చూపిస్తుంది, అంతటితో సరే అనుకుంటారు. దయచేసి ఆ నాలుగింటిని నమ్మకండి. నూటికి రెండు పోతున్న లింకు మీద కూడా నాలుగూ క్షేమంగా తిరిగొచ్చే అవకాశం 92 శాతం ఉంది. పైగా నాలుగు పంపితే తెలిసే అతి చిన్న లాస్ 25 శాతం, దానికి కింద ఏముందో ఆ కొలతకి కనపడదు. గణాంకాల వాళ్ళ దగ్గర ఒక సులువైన లెక్క ఉంది: ఎన్ని పంపినా ఒక్కటీ పోకపోతే, మూడుని ఆ సంఖ్యతో భాగించండి, అసలు లాస్ అంతకన్నా తక్కువేనని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. నూరు పంపి ఒక్కటీ పోలేదంటే లాస్ 3 శాతం లోపని మాత్రమే తెలిసినట్టు, వెయ్యి పంపితే 0.3 శాతం లోపని. సున్నా అని మాత్రం కాదు.

ఇంకోటి, ఇది తెలియక ఆఫీసులో మా జూనియర్ ఒకతను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాడు. మన పక్కనున్న రూటరే "ఆ చిరునామాకి దారి లేదు" అని జవాబు పంపినా, విండోస్ పింగ్ దాన్ని వచ్చిన జవాబు కిందే లెక్కేస్తుంది. అవతలి మెషీన్ ఆగిపోయి ఉన్నా కింద లాస్ సున్నా అనే పడుతుంది. శాతం ఒక్కటే చూసుకుని వెళ్లిపోకుండా పై వరుసల్లో జవాబు ఎవరు పంపారో చదవాలి.

పింగ్ అనేది ఎంత చిన్న ప్రోగ్రామో తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యం వాళ్ళ బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో పనిచేసే మైక్ మస్ అనే ఆయన, నెట్‌వర్క్‌లో ఏదో తేడాగా ఉందని దాన్ని వెతకడానికి రాసుకున్నాడు. జలాంతర్గాముల సోనార్ చప్పుడు చేసి ప్రతిధ్వని కోసం వింటుంది కదా, ఆ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. నలభై ఏళ్లు దాటినా మనం చేసేది అదే, ఒక కేక వేసి అది తిరిగొస్తుందా లేదా, వస్తే ఎంతసేపటికి వచ్చిందని చూడటం.

నా దగ్గర ఒక పాత రాస్ప్‌బెర్రీ పై ఉంది, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. దాన్ని వైఫైతో కాకుండా లాన్ వైరుతో రూటర్‌కి తగిలించాను. వైఫై మీద కొలిస్తే గోడలూ పక్కింటి సిగ్నళ్లూ అన్నీ ఆ లెక్కలో కలిసిపోతాయి, ఆ తర్వాత ఎవరి తప్పో విడదీయలేం. ఆ రాస్ప్‌బెర్రీ పైనీ రూటర్‌నీ రెంటినీ ఇన్వర్టర్ లైను మీద పెట్టాను. స్క్రిప్ట్ పెద్దదేం కాదు. సెకనుకి ఒకటి చొప్పున మూడు చోట్లకి పింగ్: మా ఇంటి రూటర్‌కి, మా నెట్ వాళ్ళ వైపు మొదటి రూటర్‌కి, ఊరి బయట ఉన్న ఒక సర్వర్‌కి. ఈ మూడే ఎందుకంటే, మూడూ కలిపి చూస్తే తప్పు ఏ ముక్కలో ఉందో అవే చెప్తాయి. మొదటిది పోతే మన ఇంట్లోనే, మొదటిది బాగుండి రెండోది పోతే వీధిలో, రెండూ బాగుండి మూడోది పోతే అవతల ఎక్కడో.

బయటి సర్వర్ కోసం చాలామంది గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 వాడతారు. నేనూ మొదట అదే పెట్టాను గానీ, అది పేర్లకి చిరునామాలు చెప్పడానికి పెట్టిన సర్వర్, పింగులకి బదులివ్వడం దాని పని కాదు, ఎక్కువైతే కొన్నింటిని వదిలేస్తుంది. దాన్ని లాస్ అనుకుంటే మనం పొరపాటు పడినట్టే. నాకు అద్దెకి ఒక చిన్న సర్వర్ ఉంది, దానికి మార్చాను. అలాంటిది లేనివాళ్ళు రెండు వేర్వేరు చోట్లకి నిదానంగా పంపుతూ, రెండూ ఒకే సెకనులో పోతేనే లెక్కలోకి తీసుకోవచ్చు.

మధ్య రూటర్ల విషయంలో ఇదే పొరపాటు ఇంకా పెద్దగా జరుగుతుంది. ఎంటీఆర్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, దారిలో ఉన్న ఒక్కో రూటర్‌కీ ఎంత లాస్ ఉందో వరుసగా చూపిస్తుంది, చాలా మంచి పనిముట్టు. కానీ నాలుగో వరుసలో 60 శాతం లాస్ కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసి "ఇదిగో దొరికింది" అని పంపేవాళ్ళని రోజూ చూస్తాను. ఆ కింద అయిదో వరుస నుంచి చివరిదాకా లాస్ సున్నా ఉంటే ఆ 60కి ఏ అర్థమూ లేదు. మన మిర్చి యార్డు గేటు దగ్గర సీజన్లో లారీలు బారులు తీరి ఉన్నప్పుడు గేటు మనిషి లారీలని లోపలికి పంపడం చూస్తాడు గానీ, పక్క నుంచి మనం ఏదో అడిగితే అన్నింటికీ నిలబడి బదులివ్వడు కదా. రూటర్ కూడా అంతే, ప్యాకెట్లని ముందుకి తోయడం దాని అసలు పని, మన పింగ్‌కి జవాబివ్వడం తీరిక ఉంటే చేసే పని. నష్టం ఒక వరుసలో మొదలై చివరిదాకా కొనసాగితేనే అది నిజమైన నష్టం.

ఏ జవాబుని పోయినట్టు లెక్కేయాలో కూడా ముందే అనుకోవాలి. విండోస్ పింగ్ నాలుగు సెకన్ల దాకా ఎదురు చూస్తుంది. మూడు సెకన్ల తర్వాత వచ్చిన స్వరం అమ్మకి ఎందుకు? నేను అర సెకను పెట్టుకున్నాను, అది దాటి వచ్చింది రానట్టే.

మొదటి వారం అయ్యింది. బయటి సర్వర్‌కి 6,04,800 పింగులు వెళ్ళాయి, వాటిలో సుమారు 1,600 తిరిగి రాలేదు. అంటే 0.26 శాతం. ఈ అంకె చూసి నిజంగా దిగులేసింది, ఎందుకంటే ఏ కాగితం ప్రకారం చూసినా ఇది బాగున్న లింకే. 2006లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతకి పెట్టిన నిబంధనల్లో ప్యాకెట్ లాస్ 1 శాతం కన్నా తక్కువ ఉండాలన్నారు, అదీ కంపెనీ గేట్‌వే, అంటే వాళ్ళ నెట్‌వర్క్ ద్వారం నుంచి అవతలికి కొలిచేది, మన ఇంటి నుంచి కాదు. ఆ నిబంధనల స్థానంలో 2024 అక్టోబరు నుంచి కొత్తవి వచ్చాయి, అయినా 1 శాతం అనేది అందరి నోళ్ళలోనూ నానిన అంకె. 0.26 పట్టుకుని వెళ్ళి ఎవరితో ఏమని పోట్లాడతాను?

అప్పుడు శాతాన్ని పక్కన పెట్టి, పోయినవి ఏ సెకనులో పోయాయో పక్కపక్కన పేర్చి చూశాను. ముందే చేయాల్సింది ఇదే. పోయిన 1,600లో దాదాపు 1,570 ప్యాకెట్లు కేవలం 21 గుంపుల్లో ఉన్నాయి, ఒక్కో గుంపు దగ్గర దగ్గర 75 సెకన్లు. రోజుకి మూడు గుంపులు. ఆ మూడింటిలో రెండు పొద్దున్న అయిదున్నర, ఆరున్నర మధ్య, ఇంకోటి సాయంత్రం. అంటే అమ్మ క్లాసు జరిగే గంటలో 150 సెకన్లు పూర్తిగా చీకటి. రోజు మొత్తానికి 0.26 శాతం అయింది, అమ్మ గంటకి 4 శాతం దాటింది. లైను ఒకటే, వారం ఒకటే, లెక్కలోనూ తప్పు లేదు. ఇరవై నాలుగు గంటలతో భాగించామా, ఒక గంటతో భాగించామా అన్నదే తేడా.

గుంపులుగా పోవడం వేరు, చెదురుమదురుగా పోవడం వేరు. నూటికి ఒకటి చొప్పున చెదురుగా పోతే, సెకనుకి 50 ముక్కల గొంతులో రెండు సెకన్లకి ఒక ముక్క పోతుంది, గొంతుని కుదించి మళ్ళీ విప్పే ప్రోగ్రాములు, కోడెక్‌లంటారు, ఇప్పటివి ముందూ వెనకా చూసి ఆ 20 మిల్లీసెకన్ల ఖాళీని పూడ్చేస్తాయి, అమ్మ చెవికి కూడా గమకంలో చిన్న గరుకులా ఉంటుందేమో గానీ పాట తెగదు. అదే నూటికి ఒకటి గంటలో ఒకేచోట పడితే 36 సెకన్ల మౌనం. శాతం రెంటికీ ఒక్కటే. ఇలా గుంపులుగా వచ్చే నష్టాన్ని లెక్కలో ఎలా పట్టుకోవాలో బెల్ ల్యాబ్స్‌లో గిల్బర్ట్ అనే ఆయన 1960లోనే ఒక నమూనా రాశాడు. లైను మంచి స్థితి, చెడ్డ స్థితి అని రెండింటి మధ్య మారుతూ ఉంటుందని, ఒకసారి చెడ్డ స్థితిలో పడితే కాసేపు అందులోనే ఉంటుందని. అరవై ఏళ్లు దాటినా మనం ఇంకా ఒకే ఒక్క శాతం చెప్పి ఊరుకుంటున్నాం, నాకు అది నచ్చదు. లాస్ ఎంత అని అడిగినవాళ్ళకి వరుసగా ఎన్ని పోయాయి, ఏ వేళలో పోయాయి అనేవి కూడా చెప్పి తీరాలి.

సరే, గుంపులు దొరికాయి. మూడు పింగుల్లో ఇంటి రూటర్ ఒక్కసారి కూడా తప్పలేదు, రెండోదీ మూడోదీ ఒకేసారి పోయి ఒకేసారి లేచాయి. కాబట్టి తప్పు వీధిలోనే. వేళలు రాసుకుంటే ఇంకో విషయం తెలిసింది. పొద్దున్న మొదటి గుంపు ఒకరోజు 5:41కి, ఒకరోజు 5:47కి, ఇంకోరోజు 5:38కి. మెషీన్ చేసే పనైతే రోజూ ఒకే నిమిషానికి జరుగుతుంది, ఇలా అటూ ఇటూ అవుతుంటే దాని వెనక మనిషి చెయ్యి ఉందని అర్థం. ఆదివారం అయితే ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఆదివారం ఆలస్యంగా లేచే మనిషి ఎవరు?

సోమవారం పొద్దున్నే ఫోన్లో పింగ్ పెట్టుకుని డాబా మీదకి వెళ్ళాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు, కింద పాలప్యాకెట్ల అబ్బాయి, ఎదురింటి వాళ్ళు వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నారు, కింద నుంచి అమ్మ శ్రుతి వినిపిస్తోంది. స్క్రీన్ మీద ఒక్కో వరుస పడుతోంది, 6 మిల్లీసెకన్లు, 5, 6, 7, 6. ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ సెల్లార్ లోంచి మోటారు గుయ్యిమని లేచింది. ఆ చప్పుడుకి సెల్లార్ ట్యూబ్‌లైటు ఒకసారి బాగా తగ్గి మళ్ళీ వెలిగింది. నా ఫోన్లో వరుసలు ఆగిపోయాయి. కింద అమ్మ గొంతు కూడా, "అమ్మా, వినిపిస్తోందా? వినిపిస్తోందా?" అని రెండుసార్లు అడిగి ఊరుకుంది.

అప్పుడు అర్థమైంది. మున్సిపాలిటీ నీళ్ళు వచ్చే వేళకి వాచ్‌మన్ లేచి సంపు మోటారు వేస్తాడు, అరగంట తర్వాత బోరు మోటారు వేస్తాడు, సాయంత్రం ఇంకోసారి. మోటారు లేచే క్షణంలో నడిచేటప్పటి కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఆ లైను మీద వోల్టేజీ పడిపోతుంది. మా వీధికి నెట్ ఇచ్చే స్విచ్, అంటే లైనుని ఒక్కో ఇంటికీ పంచే పెట్టె, ఆ సెల్లార్‌లోనే ఉందని నాకు తెలియదు.

నెట్ అబ్బాయికి ఫోన్ చేసి, "తమ్ముడూ, ఈసారి పదకొండుకి కాదు, సాయంత్రం వాచ్‌మన్ మోటారు వేసే వేళకి రా" అన్నాను. వచ్చాడు. సెల్లార్‌లో స్తంభానికి ఒక ఇనప డబ్బా, తలుపు తీస్తే లోపల దుమ్ము పట్టిన స్విచ్, దాని అడాప్టరు పక్కనే ఉన్న బోర్డులో గుచ్చి ఉంది, ఆ బోర్డుకి కరెంటు వచ్చేది మోటారు స్టార్టర్ పెట్టె లోంచే. స్విచ్ మీద పదహారు పచ్చ లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి, ఒక్కోటీ ఒక్కో ఇల్లు. వాచ్‌మన్ పచ్చ బటన్ నొక్కాడు. పదహారూ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఒక్క నారింజ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది, నేను ఫోన్లో సెకన్లు చూస్తున్నాను, నలభై దాటాక ఒకటొకటిగా పచ్చలైట్లు వచ్చాయి, మా ఇంటి రూటర్ మళ్ళీ లాగిన్ అయి నెట్ వచ్చేసరికి 73. అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అక్కా, ఆఫీసులో ఎప్పుడూ అలారం రాలేదు, రాకపోతే మేమెలా నమ్ముతాం" అన్నాడు.

అతని మాటలో న్యాయం ఉంది. చాలాచోట్ల పర్యవేక్షణ అయిదు నిమిషాలకోసారి పలకరిస్తుంది. 75 సెకన్ల చీకటి ఆ పలకరింపు కంట్లో పడే అవకాశం నాలుగింట ఒక వంతు. వరుసగా రెండుసార్లు బదులు రాకపోతేనే అలారం మోగాలని పెట్టుకుంటే, ఎన్నేళ్లు గడిచినా ఇది మోగదు. తప్పుడు అలారాలతో రాత్రుళ్ళు నిద్ర చెడకూడదని అలా పెడతారు, నేనూ అలాగే పెట్టాను. ఈ సంగతి అయ్యాక మా ఆఫీసులో ముఖ్యమైన లింకులన్నింటికీ పది సెకన్లకి మార్పించాను. పింగులతో కొలిచి గ్రాఫులు గీసే స్మోక్‌పింగ్ అనే ప్రోగ్రామ్ వాడేవాళ్ళు కూడా ఒకసారి చూసుకోండి, అది మామూలుగా 300 సెకన్లకి ఒకసారి 20 పింగులు పంపేలా ఉంటుంది. గ్రాఫులు చాలా అందంగా వస్తాయి, నెల తరబడి లైను ఎలా మారుతోందో చూడటానికి దానికి మించింది లేదు, కానీ ఆ 20కీ తర్వాతి 20కీ మధ్య ఇలాంటివి జారిపోతాయి.

స్విచ్‌కి పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టారు, ఇళ్లలో రూటర్లకి వాడేదే, పదిహేను వందల లోపే. తర్వాతి వారంలో అమ్మ క్లాసు గంటల్లో 25,200 పింగులకి 9 పోయాయి, అవి కూడా అక్కడొకటి ఇక్కడొకటి.

ఇక్కడితో ఆపేయొచ్చు గానీ, సేవా లభ్యత, అంటే మొత్తం సమయంలో నెట్ ఎంత శాతం ఉందనే దాని గురించి కూడా రాయాలి, ఎందుకంటే మనుషులు ఎక్కువగా మోసపోయేది అక్కడే. 99 శాతం అంటే వినడానికి బాగుంటుంది, ముప్పై రోజుల నెలలో అది 7 గంటల 12 నిమిషాల చీకటి. 99.9 అంటే 43 నిమిషాలు, 99.99 అంటే నాలుగుంపావు నిమిషాలు. ట్రాయ్ 2006 నిబంధనల్లో బ్రాడ్‌బ్యాండ్‌కి అడిగింది 98, అంటే నెలకి 14 గంటల పైన పోయినా నిబంధన తప్పినట్టు కాదు, అదీ వినియోగదారులందరి మీదా సగటు. మా అమ్మ క్లాసు నెలకి 30 గంటలు. సగం నెల క్లాసులు పోయినా కాగితం మీద అంతా బాగున్నట్టే.

అసలు ఏది "ఉన్నట్టు", ఏది "లేనట్టు" అనేది కొలిచేవాళ్ళు ముందే కాగితం మీద రాసుకోవాలి. పింగ్ వెళ్తోంది గానీ డీఎన్ఎస్ పనిచేయడం లేదు, అప్పుడు నెట్ ఉన్నట్టా? రాస్ప్‌బెర్రీ పైలో పింగ్‌తో పాటు నిమిషానికోసారి ఒక పేరు అడిగి ఒక చిన్న పేజీ తెప్పించే పరీక్ష కూడా పెట్టాను, పేజీ రాకపోతే పింగ్ వచ్చినా లేనట్టే రాస్తుంది. ఇంకో జాగ్రత్త, ఆ రాస్ప్‌బెర్రీ పై ఆగిపోయిన సమయం ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు, "తెలియదు" అని విడిగా రాయాలి. చాలా లెక్కలు ఆ ఖాళీని ఉన్నట్టు కిందే కలిపేసుకుంటాయి. పాత రాస్ప్‌బెర్రీ పైలలో కరెంటు పోయినా నడిచే గడియారం ఉండదు, నెట్ లేనప్పుడు లేస్తే తప్పుడు టైముతో లాగ్ రాస్తుంది, ఏ వేళకి పోయిందో తెలియడమే ముఖ్యం కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న గడియారం బోర్డు కొని తగిలించాను.

రెండు కనెక్షన్లు పెట్టుకుంటే సరిపోతుందంటారు. ఒక్కోటి 99 శాతం ఉంటే రెండూ ఒకేసారి పోయే అవకాశం పదివేలలో ఒకటి అని లెక్క చెప్తుంది, రెంటికీ సంబంధం లేకపోతే. మా వీధిలో రెండు కంపెనీల ఫైబర్లూ ఒకే కరెంటు స్తంభాల మీద ఒకే కట్టగా వెళ్తాయి, ఎత్తు ఎక్కువున్న గడ్డి లారీ ఒకటి వెళ్తే రెండూ తెగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళు మొదటి అంతస్తులో ఉండిపోయారు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంది, ఇద్దరి దగ్గరా వేరువేరు సిమ్‌లున్నాయి. కరెంటు పోయింది, ఫోన్లు ఆరిపోయాయి, మూడు దారులూ మూసుకుపోయాయి. పిన్ని నంబరుకి అమ్మ రెండు రోజులు చేస్తూనే ఉంది. ఆ రెండు రోజుల తర్వాత రెండు లింకుల లభ్యతని గుణించి చెప్పేవాళ్ళని, అవి ఏ స్తంభం మీద నుంచి వస్తున్నాయి, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద బతుకుతున్నాయి అని అడగకుండా నేను ఉండలేకపోతున్నాను.

ఇప్పుడు నా లాగ్‌లో కొత్తగా ఇంకోటి కనిపిస్తోంది, మొదటి వారంలో ఇది లేదు. రాత్రి తొమ్మిదికీ పదిన్నరకీ మధ్య 0.8 శాతం దాకా పోతున్నాయి. ఇవి గుంపులు కావు, చెదురుగా పోతున్నాయి. పైగా పోయే ముందు జవాబులు ఆలస్యమవుతున్నాయి, బయటి సర్వర్‌కి మామూలుగా 18 మిల్లీసెకన్లు పట్టేది నెమ్మదిగా 40, 60, 80కి పెరిగి, ఆ తర్వాత ఒకటీ రెండూ రాలిపోతున్నాయి. మోటారు గుంపుల్లో ఇలా లేదు, 18 అంటూ 18 అంటూనే ఠక్కున పోయేవి. ఆలస్యం పెరిగి పోతే ఎక్కడో క్యూ నిండిపోతోందని, అంటే అందరూ అన్నాలు తిని ఫోన్లు పట్టుకునే వేళకి కంపెనీ పై లింకు, అంటే వీధి నుంచి బయటికి వెళ్ళే ఉమ్మడి లైను, చాలడం లేదని అర్థం. ఆలస్యం లేకుండా పోతే వైరూ జాయింటూ కరెంటూ చూడాలి. లాస్ 1 శాతం లోపే కదా అనొచ్చు. నెట్‌వర్క్ పరిశోధకుడు మాథిస్, ఆయన తోటివాళ్ళు 1997లో ఇచ్చిన సూత్రం ప్రకారం, నూటికి ఒకటి పోతే పాత పద్ధతి టీసీపీ కనెక్షన్ (పోయిన ప్యాకెట్లని మళ్ళీ పంపిస్తూ, పోయినప్పుడల్లా వేగం తగ్గించుకునేది) ఒకటి వెళ్ళి రావడానికి 30 మిల్లీసెకన్లు పట్టే దూరానికి సెకనుకి 4.7 మెగాబిట్లకి మించి పోలేదు, అమెరికా వంటి 250 మిల్లీసెకన్ల దూరానికైతే అర మెగాబిట్ చిల్లర. నెలనెలా డబ్బు కట్టేది వంద మెగాబిట్లకి. ఇప్పటి సర్వర్లలో కొన్ని అంత వెనక్కి తగ్గని కొత్త పద్ధతులు వాడుతున్నాయి కాబట్టి వీడియోలు ఆడుతున్నాయి, నేను ఆఫీసు సర్వర్‌కి ఫైలు ఎక్కించేటప్పుడు మాత్రం ఆ సూత్రం ఎంత నిజమో కనిపిస్తుంది.

నాలుగు వారాల లాగ్‌ని గంటల వారీగా ఒక పేజీలోకి తెచ్చాను, రెండో పింగ్‌కీ మూడో పింగ్‌కీ మధ్యే ఆలస్యం పెరుగుతోందని అందులో స్పష్టంగా కనిపిస్తోంది, కాబట్టి ఇది సెల్లార్ డబ్బాలో తేలేది కాదు, కంపెనీ వాళ్ళు పై లింకు పెంచాలి. నెట్ అబ్బాయి ఆ పేజీని ఫోటో తీసుకుని తన పై ఆయనకి పంపాడు. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చి మా ముందు గదిలో స్టూలు మీద కూర్చుని, తన ఫోన్లో స్పీడ్ టెస్ట్ కాకుండా పింగ్ పెట్టి చూస్తున్నాడు. అమ్మ కాఫీ తెచ్చి ఇచ్చి, "ఎన్ని పోయాయి బాబూ?" అని అడిగింది. "అయిదొందలకి నాలుగండీ" అన్నాడు.